అరవై నాలుగో పేజీ తర్వాత

లైబ్రరీ వెనక గదిలో ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్న బైండరుకి ఒక్క పుస్తకమైనా చివరిదాకా చదివిన పాపం అంటలేదు. దీపం కింద చీకటంటే అదే మరి. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూస్తాడు, కుడతాడు, అట్ట వేస్తాడు, బరువు కింద పెడతాడు. అక్షరాలతో ఆయనకి పని లేదు. "ముప్పై ఏళ్లలో నా కుట్టు మీద ఒక్క ఫిర్యాదు లేదు" అని మాత్రం రోజుకోసారి, వినేవాళ్లు దొరికితే రెండుసార్లు అంటాడు. వచ్చే నెల ఆయన రిటైరవుతుంటే, ఆ మాటే సన్మాన పత్రంలో రాయిస్తానంది లైబ్రేరియనమ్మ. అప్పట్నుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు.

ఈలోగా వారం రోజులు సెలవు దొరికింది. సముద్రం పక్కనున్న మరదలింటికి ప్రయాణం.

"అక్కడికొచ్చి కూడా నా తల తినకుండా చిన్నవీ, కాస్త అర్థమున్నవీ రెండు పుస్తకాలు తెచ్చుకోండి," అంది భార్య.

చిన్నవంటే ఎంతసేపు! బొటనవేలితో మందం చూస్తే చాలు. అర్థమున్నవని ఎలా తెలియాలి? ఆయన గట్టిగానే ఆలోచించాడు. జనం మళ్లీ మళ్లీ చదివితేనే కుట్టు ఊడుతుంది. ఊడితేనే తన దగ్గరికొస్తుంది. కాబట్టి మరమ్మతుకి ఎక్కువసార్లు వచ్చిందే గొప్ప పుస్తకం! రిజిస్టరు తిరగేస్తే ఎనభై పేజీలవి రెండు తేలాయి, చెరో ఐదుసార్లు. ఒకటి పడవవాడి కథ. రెండోది కోళ్ల పెంపకం.

"కోళ్లలో ఏం అర్థముందండీ?" అని భార్య నవ్వింది.

"ఐదుసార్లు చింపేదాకా చదివిన జనం పిచ్చివాళ్లా?" అన్నాడాయన.

ఊరు చేరిన మర్నాడు పొద్దున్నే మరదలింటి వసారాలో పడవవాడి కథ తెరిచాడు. పక్కన కాఫీ చల్లారిపోయింది. కథలో పడవవాడి కూతురు పోట్లాడి అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. రోజూ ఊరందర్నీ ఆ ఒడ్డుకి చేర్చే తండ్రి, తను మాత్రం పడవ దిగడు. అడిగినవాళ్లకి పడవని వదిలి రాలేనంటాడు. అరవై నాలుగో పేజీ చివర కూతురు ఒడ్డున నిలబడి ఉంది. తండ్రి తెడ్డు పక్కన పెట్టాడు. బైండరు గబుక్కున పేజీ తిప్పాడు.

"గుడ్లు పొదగడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది."

పెద్ద రచయితలు ఇలాగే చుట్టూ తిప్పి చెబుతారు కాబోలనుకుని ముందుకెళ్లాడు. కోడిరెట్ట ఎరువు దగ్గరికొచ్చేసరికి అనుమానం వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే అరవై నాలుగో పేజీ అడుగున పెన్సిలు రాత: "మిగతా కథ కోళ్ల పెంపకంలో, 65వ పేజీ."

దాని కింద ఇంకో చేతిరాత: "బతికించారు."

మరొకటి: "కూతురి కోసం వెళ్లి కోళ్లు కొన్నాను. రోజుకి ఆరు గుడ్లు."

అన్నిటికన్నా కింద: "ఈ పుస్తకం కుట్టినవాడి చేతులు పడిపోను!"

తేలు కుట్టిన దొంగలా ఆయన అటూ ఇటూ చూశాడు. ఎప్పుడో రెండు పుస్తకాలూ ఒకే రోజు వచ్చి ఉంటాయి. ఒకే కొలత, ఒకే మందం. చివరి పదహారు పేజీల కట్టలు తారుమారయ్యాయి. అరవై నాలుగు తర్వాత అరవై అయిదు ఉంది కదా, ఆయన లెక్కన అంతా సవ్యమే.

కోళ్ల పుస్తకం తెచ్చి మిగతా కథ నిలబడే చదివాడు. తండ్రి ఒడ్డున దిగి కూతురితో ఒక్క మాటే అంటాడు: "పడవదేం తప్పు లేదమ్మా, నాదే." బైండరు తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు.

సంగతి విన్న భార్య పడీ పడీ నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది. "సూదీ దారం ఎలాగూ సంచీలో ఉంటాయిగా. కట్టలు మార్చి కుట్టెయ్యండి. ఆ రాతలు రబ్బరుతో చెరిపెయ్యండి. మీ సన్మానానికి ఢోకా ఉండదు."

మధ్యాహ్నానికల్లా రెండు పుస్తకాలూ ఎవరి తోక వాళ్లకి చేరాయి. మరదలు రబ్బరు, పెన్సిలు తెచ్చి ముందు పెట్టింది. ఆయన రబ్బరు చేతిలోకి తీసుకున్నాడు. పుస్తకాల మీద గీసేవాళ్లని ముప్పై ఏళ్లుగా తిట్టిన మనిషి, చివరికి రబ్బరు వదిలి పెన్సిలు తీసుకున్నాడు. చేతులు పడిపోనన్న మాట కిందే, కుదురుగా రాశాడు:

"పుస్తకానిదేం తప్పు లేదు, నాదే. — బైండరు."