సోమవారం కాగితం

ఆంటీ పోయారన్న కబురు నాకు వరంగల్ నుంచి వచ్చింది. ఆవిడ పోయింది ఇక్కడే, సింగపూర్‌లో, బిషాన్‌లోని తన ఫ్లాట్‌లో. నేనుండే యూ టీ నుంచి రైలెక్కితే నలభై నిమిషాలు. అయినా ఆ కబురు సముద్రం దాటి వెళ్ళి, మళ్ళీ సముద్రం దాటి వచ్చి, బుధవారం పొద్దున ఆఫీసు కంప్యూటర్‌లో నాకోసం కాచుకుని ఉంది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టిన తెలుగు. రెండే ముక్కలు.

"ఆంటీ పోయినారంట అక్కా. నీకు ముందుగాలనే తెలిసి ఉంటది."

ఒకప్పుడు నా పక్క బల్ల దగ్గర పనిచేసిన అతను, మూడేళ్ళలో నాకు రాసిన మొదటి ఉత్తరం అది. ఆ రెండో ముక్కలో విషం ఉంది. అది నాకు తగినదే. ఎందుకో తెలియాలంటే ఆంటీ గురించి మొదట్నుంచీ చెప్పుకురావాలి. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. ఎన్ని వస్తాయో చూద్దాం.

పేరు చివర డాట్‌కామ్ అని తగిలిస్తే చాలు, ఎవరో ఒకరు పెట్టుబడి పట్టుకుని పరిగెత్తుకొచ్చే రోజులవి. రాఫెల్స్ ప్లేస్‌లో నిక్కర్లేసుకుని ఆఫీసుకొచ్చే ఒక కుర్ర యజమానికి ఆలోచన వచ్చింది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కంప్యూటర్‌లో చదువుకోవడానికి ఇంగ్లిషులో ఒక సీరియల్. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకో భాగం, సరిగ్గా పన్నెండుంబావుకి. అమెరికాలో పగటిపూట టీవీలో ఏళ్ళ తరబడి నడిచే సీరియళ్ళున్నాయే, ఆ పద్ధతిలో. పద్ధతి తెలిసిన మనిషి కోసం వెతికితే ఆంటీ దొరికారు.

ఆవిడ తాతగారు విశాఖ వైపు నుంచి తెల్లవాళ్ళ కాలంలో ఓడెక్కి వచ్చారు. ఆవిడ పుట్టింది ఇక్కడే. పాతికేళ్ళ వయసులో న్యూయార్క్ వెళ్ళి, ఒక పగటి సీరియల్ ఆఫీసులో టైపిస్టుగా చేరి, కథలోని ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళూ విడాకులూ హత్యలూ టైపు చేసీ చేసీ, చివరికి ఏ రోజు ఏం జరగాలో గీసిచ్చేవాళ్ళలో ఒకరయ్యారు. ఇరవై రెండేళ్ళు చేశాక ఆ సీరియల్‌నే ఆపేశారు. ఆవిడ తిరిగొచ్చి చెల్లెలి కూతురితో ఉంటున్నారు.

రాసేవాళ్ళం ముగ్గురం. తెనాలి నుంచి నేను, వరంగల్ నుంచి అతను, చెన్నై నుంచి ఒకమ్మాయి. ముగ్గురం కోడ్ పరీక్షించడానికి వచ్చి, కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం గడిచాక ఎవరికీ అక్కర్లేకుండా పోయినవాళ్ళమే. కథంతా ఒక బ్లాకులోని మూడు ఫ్లాట్లలో నడిచేది. చెన్నై అమ్మాయిది టీచరు కుటుంబం, అతనిది లిఫ్టు మెకానిక్ కుటుంబం, నాది నర్సు కుటుంబం. ఆంటీ మమ్మల్ని పేర్లతో ఎప్పుడూ పిలవలేదు. టీచరూ, మెకానిక్కూ, నర్సూ. అంతే.

ప్రతి సోమవారం ఆవిడ ఒక్కొక్కరి బల్ల మీద ఒక పసుప్పచ్చ కాగితం పెట్టేవారు. అయిదు గళ్ళు, అయిదు రోజులు, పెన్సిల్ రాత. ఏ రోజు ఎవరింట్లో ఏం జరగాలో ఒక్కో గడిలో ఒక్కో వాక్యం. మాటలు పేర్చడమే మా పని. అమెరికాలోనూ అంతేనట, ఏడాది కథ ఒకళ్ళది, రోజువారీ పంపకం ఇంకొకళ్ళది, మాటలు మరొకళ్ళవి. ఎవరి ముక్క వాళ్ళు రాసుకుపోతే కర్ర విరగకుండా పాము చావకుండా ముప్ఫయ్యేళ్ళు నడుస్తుందనేవారు.

ఆవిడ మంచిదని నేననను. మేం రాసింది రైల్వేస్టేషన్లో ప్రకటన చదివినట్టు పైకి చదివేవారు. చదివాక, "ఇది ఎవరు రాసినారు? కడుపు నిండా తినేసి రాసినారా?" అనేవారు. చెన్నై అమ్మాయి చేత ఒక శవయాత్ర పదకొండుసార్లు రాయించి, చివరికి మొదటిసారి రాసిందే వాడుకున్నారు. ఆ పిల్ల ఏడిస్తే, ముక్కు తుడుచుకోవడానికి టిష్యూ ప్యాకెట్ అందించి, "ఈ ఏడుపు పన్నెండోసారికి పనికొచ్చి ఉండేది," అన్నారు. కాఫీ ప్లాస్టిక్ సంచీలో తెచ్చుకుని, దాని తాడు అలమార పిడికి వేలాడదీసి, గంటకో గుక్క తాగేవారు. ఆ సంచీ ఖాళీ అయ్యేలోపు ఎవరో ఒకరం ఏడవడం మామూలే.

కానీ చెప్పేవారు. నిజంగా కూర్చోబెట్టి చెప్పేవారు. "తెలిసినవాళ్ళు నోరు తెరిచి చెప్పేస్తే సీరియల్ మంగళవారానికే అయిపోతుందమ్మా. తెలిసీ చెప్పనివాళ్ళ మీదనే బండి నడుస్తుంది." ఇది నేను కళ్ళకద్దుకున్నాను. మా అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ కడుపులో మాట దాచుకోగల పిల్ల అని మెచ్చుకునేది. నా గుణం ఒక వృత్తికి పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పేవారు. "పెంచినవాళ్ళ చేత చంపించగూడదు. చెయ్యి వణుకుతుంది. పక్కవాళ్ళకి ఇవ్వాల." అందుకని ఒక పాత్ర పోవాలంటే ఆ పాత్రను రాసేవాళ్ళు కాకుండా పక్కవాళ్ళు రాసేవారు. న్యూయార్క్‌లో నటులకు తమ చావు ముందుగా తెలిసేది కాదట. ఇరవయ్యేళ్ళు అమ్మ వేషం వేసినావిడైనా సరే, స్క్రిప్టు చేతికొచ్చాక చదివి తెలుసుకోవాల్సిందే. అందుకే వాళ్ళంతా టైపిస్టు దగ్గరికి డోనట్లు పట్టుకుని వచ్చేవారట, ఈ వారం బతికున్నామా లేదా అని. ఆంటీ ఈ కథ చాలాసార్లు చెప్పారు. నేను ప్రతిసారీ డోనట్ల దగ్గర నవ్వేదాన్ని.

డాట్‌కామ్‌ల గాలి దిగిపోవడం మొదలయ్యాక మొదటి వేటు చెన్నై అమ్మాయి మీద పడింది. టీచరు కుటుంబం శుక్రవారంనాడు ఇల్లు ఖాళీ చేసి పెర్త్ వెళ్ళిపోయింది. కుటుంబం పోతే రాసే మనిషీ పోయినట్టే. ఆ భాగం రాసింది వరంగల్ అతను. ఆ శుక్రవారం ఆ పిల్ల నవ్వుతూ అందరికీ కర్రీ పఫ్‌లు తెచ్చిపెట్టింది. సోమవారానికి ఒక షిప్పింగ్ ఆఫీసులో చేరిపోయింది కూడా. ఎంత అదృష్టం, ఎంత గుండె నిబ్బరం అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

రెండు నెలలకి నా బల్ల మీదికి కాగితం వచ్చింది. శుక్రవారం గడిలో ఇలా ఉంది: "మెకానిక్ లిఫ్టు గుంటలో పడతాడు. శవం కనిపించాలి. రాసేది: నర్సు."

శవం కనిపించాలి అంటే ఇక తిరిగిరావడం లేదని. అతను నా పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని, మంగళవారం భాగంలో మెకానిక్ కూతురికి పుట్టినరోజు గౌను కొనిపెడుతున్నాడు. ఏ రంగు బాగుంటుందని నన్నే అడిగాడు. పసుపు అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం కింద హాకర్ సెంటర్లో తింటుండగా అతను మెల్లగా మాటెత్తాడు. ఒక బ్యాంకులో రెండేళ్ళ ఉద్యోగం పిలుస్తోందట. మళ్ళీ కోడ్ పరీక్షే. బుధవారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పాలట.

"ఏమంటవ్ అక్కా, పోవాల్నా? పని గట్టిదే. గని మెకానిక్‌ని ఇడిసిపెట్టి పోవుడు మనసొప్పుతలేదు."

నేను చేప ముల్లు తీసుకుంటూ అన్నాను, "మనసొప్పని పని చేస్తే ఏం బాగుంటుంది? నీ ఇష్టం మరి."

"గంతేనంటవా. అయితే వద్దని చెప్పేస్త."

ఎందుకలా అన్నానని మీరడుగుతారు. చెప్తే నా ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, అబద్ధమెందుకు. ఇక్కడ ఉద్యోగం పోతే దేశంలో ఉండనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే నెల తిరిగేసరికి విమానమే. కానీ అదొక్కటే కాదు. సోమవారం సాయంత్రమే ఆ సీను మొదలుపెట్టాను. అది బాగా వస్తోంది. పసుపు గౌను పొట్లం లిఫ్టు గుమ్మం దగ్గర ఉండిపోతుందని అప్పటికే అనుకున్నాను. సీను పూర్తయ్యేదాకా అతను అలాగే నవ్వుతూ నా పక్కన కూర్చుని ఉంటే చాలనిపించింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ నాలుగు రోజుల్లో తెలుసుకున్నాను, కోసేవాళ్ళ వైపు నుంచి.

శుక్రవారం పన్నెండుంబావుకి అతను పరోటా ముందు పెట్టుకుని చదివాడు. చివరిదాకా చదివాడు. చదివాక పరోటా పొట్లం తిరిగి కట్టేశాడు.

"మస్తు రాసినవ్ అక్కా," అన్నాడు. పొట్లం పక్కకి జరిపి, "సోమవారం నుంచి ఎరికేనా నీకు?" అన్నాడు. తల ఊపాను. సొరుగులో ఉన్నవి సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ నెలంతా తిరిగినా ఎక్కడా పని దొరకలేదు. బ్యాంకువాళ్ళు అప్పటికే వేరే మనిషిని తీసుకున్నారు. అతను వరంగల్ వెళ్ళిపోయాడు.

అసలు సంగతి ఆ శుక్రవారమే హాకర్ సెంటర్లో తెలిసింది. ఆంటీ మూడు కుర్చీల మీద మూడు టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేశారు. ఇక్కడ కుర్చీ మనదని చెప్పుకోవడానికి అదే గుర్తు, ప్యాకెట్ ఉన్నచోట ఎవరూ కూర్చోరు.

"మెకానిక్ ఏడి? మకాన్‌కి రాలేదా, తినడానికి? కొత్త పని ఎప్పుడు చేరతాడు?"

"బ్యాంకు పని ఒకటి వస్తే వద్దన్నాడు ఆంటీ."

ఆవిడ చెంచా ఆగిపోయింది. "వద్దన్నాడా? నువ్వు చెప్పలేదా?"

"చెప్పకూడదు కదా."

"ఎవరు చెప్పినారు చెప్పగూడదని? యజమాని నా నోరు కట్టినాడు. నీ నోరు ఎవరు కట్టినారు? శుక్రవారం చావుకి సోమవారమే కాగితం ఎందుకు ఇస్తానమ్మా? పక్కవాళ్ళకే ఎందుకు ఇస్తాను? టీచరుకి మెకానిక్ ఆ సాయంత్రమే చెప్పినాడు. డోనట్ కథ అన్నిసార్లు దేనికి చెప్పినాను, నవ్వడానికా?"

నేను గొణిగాను, తెలిసినవాళ్ళు చెప్పేస్తే సీరియల్ అయిపోతుందని మీరే అన్నారు కదా అని.

"అది సీరియల్‌కి లా," అన్నారు ఆంటీ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' తగిలించి. "మనుషులకి అని నేను చెప్పినానా?"

ఆవిడ మాత్రం తక్కువదా అని నాకిప్పటికీ కోపమే. నాలుగు రోజులు అతని మొహం చూస్తూ తిరిగింది. ఒక్కసారి, ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నా మీద నమ్మకమట. ఆ నమ్మకం పెట్టుకున్న మనిషి ఎలాంటిదో కూడా చూసుకోవాలి కదా. ఎన్ని పాత్రల మనసులో ఏముందో గళ్ళు గీసి చెప్పిన మనిషి, ఎదురుగా ఉన్న నన్ను చదువుకోలేకపోయింది.

ఆ తరవాత సీరియల్ ఏడు నెలలు నడిచింది. ఒంటరిగా నేనే రాశాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అరవలేదు, ఏడిపించలేదు. నాకు పని మొత్తం నేర్పారు. ఒక వాక్యంలో ఏది చెప్పాలో, ఏది పక్కవాక్యానికి వదలాలో నాకు తెలిసిందంటే ఆవిడ చలవే. ఆ రుణం ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. కానీ ప్రతి శుక్రవారం నన్ను కిందికి తీసుకెళ్ళి, మూడో కుర్చీ మీద ప్యాకెట్ పెట్టి, దానికి ఎదురుగా నన్ను కూర్చోబెట్టేవారు. ఎవరైనా గిన్నె పట్టుకొచ్చి ఖాళీయేనా అని అడిగితే, "మనిషి వస్తాడు," అనేవారు. మేం తిని లేచేదాకా ఆ కుర్చీ అలాగే ఉండేది. ఏడు నెలల్లో ఒక్క శుక్రవారం తప్పలేదు.

తరవాత ఆఫీసు మూతపడింది. నేను ఒక బ్యాంకులో కోడ్ పరీక్షించే పనిలో చేరాను, అతను వద్దన్నటువంటి పనే.

పోయిన వారానికి ముందువారం, సోమవారంనాడు, ఆంటీ చెల్లెలి కూతురు మా ఆఫీసుకొచ్చి ఒక కవరిచ్చి వెళ్ళింది. లోపల పసుప్పచ్చ కాగితం. పెన్సిల్ రాత వణికింది కానీ గళ్ళు తిన్నగానే ఉన్నాయి. "సోమ: ముసలమ్మ కుర్చీలో కూర్చుంటుంది. మంగళ: డాక్టరుతో తగువు. బుధ: గంజి వద్దంటుంది. గురు: తగువులాడదు. శుక్ర: శవం కనిపించాలి. రాసేది: నర్సు."

బుధవారం వెళ్ళాను. మంచం మీద ఇంతైపోయి ఉన్నారు. ఎలా ఉన్నారని అడగబోతే చెయ్యెత్తి ఆపారు.

"ఎవరెవరికి చెప్పినావ్?"

"ఎవరికీ చెప్పలేదు ఆంటీ."

"మెకానిక్‌కి?"

నేను మంచం పక్కనున్న గంజి గిన్నె మీద మూత సర్దాను. ఆవిడ చాలాసేపు నన్నే చూశారు.

"నువ్వు ఇంకా సీరియలే రాస్తున్నావమ్మా," అని గోడ వైపు తిరిగారు. నాతో ఆవిడ మాట్లాడిన చివరి మాట అది.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాను. "తమ్ముడూ" అని కొట్టి ఆగాను. ఆంటీ సంగతి చెప్పాలంటే ముందు మూడేళ్ళనాటి ఆ మంగళవారం సంగతి చెప్పాలి. అది రాలేదు. మర్నాడూ అంతే. శుక్రవారం అనుకున్నది తరవాతి మంగళవారానికి జరిగింది. ఆవిడ గడువు దాటడం నాకు తెలిసి అదొక్కసారే. ఇంకో నాలుగు రోజులు అచ్చంగా నాకోసమే ఇచ్చినట్టు దాటారు. నేను వాటినీ వాడుకోలేదు.

దహనం దగ్గర శవం కనిపించింది. చూశాను. చెల్లెలి కూతురు నా పక్కకొచ్చి, ఇక్కడి పిల్లలు మాట్లాడే ఇంగ్లిషులో, ఆంటీ రోజూ ఒకటే అడిగేవారని చెప్పింది, ఇండియా నుంచి ఫోనొచ్చిందా అని. ఎవరి ఫోనో ఆ అమ్మాయికి తెలియదు. పోయాక పెన్సిల్ డబ్బాలో మెకానిక్ అని రాసిన ఒక ఈమెయిల్ అడ్రసు దొరికితే దానికి కబురు పెట్టిందట.

నిన్న శుక్రవారం. రాఫెల్స్ ప్లేస్‌లో అదే హాకర్ సెంటర్‌కి వెళ్ళాను. రెండు ప్యాకెట్లు కొని రెండు కుర్చీల మీద పెట్టి, వాటికెదురుగా కూర్చున్నాను. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక చైనా తాత పొగలు కక్కుతున్న సూపు గిన్నె రెండు చేతులా పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఎవరైనా వస్తారా అని అడిగాడు. గిన్నె అంచు మీంచి సూపు అతని బొటనవేలి మీదికి కారుతోంది. చిన్న మాట చాలు, ఉందనో లేదనో. నా నోట్లో ముద్ద ఉంది. అతను ప్యాకెట్లని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ అడిగాడు. నేను నములుతూనే ఉన్నాను.