మాస్టారి గొంతెండే జబ్బు

భౌతికశాస్త్రం చెప్పే మాస్టారికి ఒకటే పిచ్చి. ఎదుట మనిషి కనిపిస్తే చాలు, పోలరాన్ అనే దాని గురించి చెప్పందే వదలరు. మంగలి గడ్డానికి నురగ పట్టిస్తున్నా సరే, ఆ నురగలోంచే చెబుతారు. బస్సులో పక్క సీటావిడకైనా అంతే. ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి పక్కన నిలబడి సిగ్గుతో చచ్చిపోవాలి. రానంటే ఊరుకోరు, వెంటబెట్టుకునే తిరుగుతారు.

అసలే ఆ అమ్మాయికి నలుగురి ముందు నోరు పెగలదు. పోయిన సెమినార్‌లో బోర్డు ముందు నిలబడి ఒక్క ముక్క మాట్లాడలేక ఏడుస్తూ వచ్చేసింది. ఈసారీ అంతే అయితే పరిశోధన మానుకోవాల్సిందే.

ఓరోజు పరుపుల కొట్లో మాస్టారు మెత్తటి పరుపు మీద చతికిలబడ్డారు.

"చూశావటయ్యా, గొయ్యి పడిందా? కొన్ని పదార్థాల్లో ఎలక్ట్రాన్ చేరితే చుట్టుపక్కల పరమాణువులు ఇలాగే పక్కకి జరుగుతాయి. ఇక అది ఎటెళ్లినా ఆ గొయ్యిని ఈడ్చుకుంటూ పోవాలి. ఆ రెండూ కలిస్తే పోలరాన్!"

"పరుపు కొంటారా సార్?" అన్నాడు కొట్టతను.

"ఉండవయ్యా! గొయ్యి మరీ లోతైతే అందులోనే ఇరుక్కుంటుంది. కరెంటు పారదు. మరి అదే పదార్థం లోహంలా ఎప్పుడు మారుతుందంటే..." మాస్టారు గొంతు పట్టుకున్నారు. "అబ్బ, గొంతెండిపోయింది. కాసిని నీళ్లివ్వు. మిగతాది మా అమ్మాయి చెబుతుంది."

ఎప్పుడూ ఇంతే! అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి ఎండిపోతుంది ఆ మాయదారి గొంతు. అమ్మాయి లోలోపల తిట్టుకుంటూ గొణిగింది. "ఎలక్ట్రాన్లు బాగా ఎక్కువైతే గోతులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయండీ. ఇరుక్కోవడానికి విడిగా గొయ్యంటూ మిగలదు. హాయిగా తిరుగుతాయి."

"పది మంది ఎక్కిన పరుపులాగా అన్నమాట," అన్నాడు కొట్టతను. అమ్మాయి ఫక్కున నవ్వింది.

సెమినార్ రోజు హాలు కిటకిటలాడింది. అమ్మాయి బోర్డు ముందుకెళ్లింది. ముందు వరుసలో మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఒక పరుపు ఊహించుకోండి," అంది అమ్మాయి. హాలంతా నవ్వింది. అంతే, ఇక ఆగలేదు. ప్రశ్నలడిగిన కొద్దీ హుషారెక్కింది.

బయట వరండాలో మాస్టారి భార్య ఎదురైంది.

"అమ్మగారూ, మాస్టారి గొంతు డాక్టరుకి చూపించండి. మాటిమాటికీ ఎండిపోతోంది."

"ఎవరి గొంతూ?" ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. "పెళ్లయిన నాటి నుంచీ తింటున్నా, స్నానం చేస్తున్నా ఆ పోలరాన్ గోలేగా! ఒక్కనాడు మధ్యలో ఆపితే ఒట్టు. ఎప్పుడు ఆపుతారా అని నేనూ చూస్తున్నా."

మంగలి, కొట్టతను, బస్సులో పక్క సీటావిడ, అందరూ అమ్మాయికి గుర్తొచ్చారు. ప్రతి ఒక్కరి ముందూ మిగతాది చెప్పింది తనే! మాస్టారి మీద కోపమూ ప్రేమా ఒక్కసారే పొంగుకొచ్చాయి.

మెట్ల దగ్గర మాస్టారు, హాలుకి తాళం వేయడానికొచ్చిన మనిషిని పట్టుకుని అప్పుడే మొదలుపెట్టేశారు. అమ్మాయిని చూడగానే ఆయన చెయ్యి గొంతు మీదికి పోయింది.

"వద్దు మాస్టారూ," అంది అమ్మాయి మెట్టు మీద కూర్చుంటూ. "ఇవాళ చివరిదాకా మీరే చెప్పండి. నేను వింటాను."