మా ఇంటి తిన్నెలు కొట్టనివ్వను

అందరికీ నమస్కారం. నాకు రాయడం సరిగ్గా రాదు. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుందని కాగితం మానేసి ఫోనులో కొడుతున్నాను... ఇక్కడా అక్షరాలు తప్పుతున్నాయి. పల్లె బడిలో చదివినవాడిని. మన్నించండి.

మా చిన్నప్పుడు... ఉగాది ముందర మా అమ్మ పెద్ద బానలో సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోసేది. బుసబుసమని పొంగేది. "దూరం పోండ్రా, కండ్లు పోతాయి!" అని అరిచేది. మేం ఇంకొంచెం దగ్గరికి పోయేవాళ్లం...

ఇంకో చట్టిలో ఎర్రమట్టి నానేది. ఈతమట్ట కొనను రాతి మీద నలగ్గొడితే కుచ్చులా విడిపోయేది. అదే మా బ్రష్షు.

పుంగనూరులో మా ఇల్లు బస్సులు పోయే రోడ్డు మీదే. తలుపుకు అటొకటి, ఇటొకటి తిన్నెలు. కొన్ని ఊళ్లలో అరుగులంటారు. మదనపల్లె బస్సు కోసం వచ్చినవాళ్లంతా వాటి మీదే కూర్చునేవాళ్లు. టమాటా గంపలు, కోళ్లు, చంటిపిల్లలు... అమ్మ ఎవరినీ లేవమని అనలేదు. కానీ ఒక పద్ధతి పెట్టింది. ఏడాదంతా కూర్చున్నవాళ్లు ఉగాది ముందర తిన్నెకు ఒక పట్టె పూయాలి. ఒకరు తెలుపు, పక్కన ఇంకొకరు ఎరుపు.

బి.కొత్తకోట నుంచి గాజులమ్మే ఒకాయన వచ్చేవాడు. ఏటా తప్పించుకోవాలనే చూసేవాడు.

"బస్సొస్తాండాదమ్మా, మళ్లొచ్చినపుడు పూస్తాలే."

"పోయినేడూ ఇదే మాట సెప్తివి. మట్ట పట్టు సామీ, బస్సు నీకోసరం ఏడ్సదులే!"

ఆయన పంచె ఎగగట్టి పూసేవాడు. పట్టె వంకర పోయేది. నేను నవ్వితే అమ్మ అనేది... "ఆయప్ప కూసునేదీ అట్లే గదరా."

ఇప్పుడు ఆ ఇల్లు అమ్మకానికి పెట్టాం. అది నాదీ, మా తమ్ముడు మునెప్పదీ. వాడు కుప్పంలో ఉంటాడు. వాడి వాటా వాడికి కావాలి, న్యాయమే. నేనూ మా ఆవిడ రత్నమ్మా వాడి పక్కనే చిన్న ఇంట్లోకి పోతాం. అమ్మడానికి నాకేం అభ్యంతరం లేదు.

మదనపల్లె నుంచి బ్రోకరు వచ్చాడు. రోడ్డు మీదే నిలబడి ఇంటిని ఎగాదిగా చూశాడు.

"పెద్దాయనా, లోపల బాగుండాది. ముందరే పాతకాలం. ఈ తిన్నెలు కొట్టేసి, గోడకు టైల్సేసి, స్టీలు గేటు పెట్టి సూడు... కొనే పార్టీ ఎగిరి గంతేస్తాది. తిన్నెలుంటే కారు యాడ పెట్టేది?"

నేను మాట్లాడేవాడిని కాను. నలుగురిలో నాకు నోరు లేవదు. ఆ రోజు మాత్రం లేచింది.

"కొట్టేది లేదు."

"యాల సామీ?"

"మనుషులు కూసుంటాండారు."

బ్రోకరు మా తమ్ముడికి ఫోను చేశాడు. మరుసటి రోజు తమ్ముడు సమ్మెటలు పట్టిన ఇద్దరు కూలీలతో దిగాడు. అప్పటికే ఒక తిన్నె మీద నేను కూర్చుని ఉన్నాను. రెండోదాని మీద రత్నమ్మ... తాపీగా అనపకాయలు ఒలుస్తోంది.

"లెయ్యన్నా. ఇల్లు అమ్ముడుబోవద్దా?"

"అమ్ముదాం. ఇట్లే అమ్ముదాం."

"ఇట్లుంటే ఎవురు కొంటారు?"

రత్నమ్మ తలెత్తలేదు. "పెండ్లిచూపులకు పిల్లకు పౌడరేస్తారు గానీ, కాళ్లు నరికి కూసోబెడ్తారా మునెప్పా?"

కూలీలు పకపకా నవ్వారు. తమ్ముడు వాళ్ల మీద కసురుకున్నాడు. ఎండ ముదిరింది. నేను కదల్లేదు. వాళ్లు సమ్మెటలు కింద పెట్టి, రత్నమ్మ పక్కనే కూర్చుని నీళ్లు అడిగారు. రోడ్డు మీద తమ్ముడొక్కడే మిగిలాడు. చివరికి వాడూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు... కోపంగానే.

"పౌడరన్నా ఏద్దామా?" అన్నాడు.

"ఏద్దాం."

సున్నం, ఎర్రమట్టి తెప్పించాను. ముందరంతా నేనే పూశాను. నడుము పట్టేసింది... అయినా ఇల్లు మెరుస్తోంది. బ్రోకరు చూసి తల కొట్టుకున్నాడు. కొట్టుకోనీ.

మా వీధిలో ఇప్పుడు అన్నీ ఎత్తైన గేట్లే. కొందరు గోడ అంచున ఇనుప మొనలు కూడా పెట్టారు, ఎవరూ ఆనుకోకుండా. మా తిన్నెలు నిండితే బస్సు కోసం వచ్చిన ముసలివాళ్లు ఎండలో నిలబడే ఉంటున్నారు... ఇంటి ముందర అందమంటే ఇప్పుడు ఇదే కాబోలు.

కొన్నాక కొట్టుకుంటే అది కొన్నవాళ్ల ఇష్టం. అమ్మేదాకా మాది. నా చేత్తో కొట్టను.

మీ ఊళ్లో తిన్నెలున్న ఇల్లు కొని, కొట్టకుండా ఉంచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి. ఆదివారం పార్టీ ఇల్లు చూడడానికి వస్తోంది. ఆలోపల, తొందరగా జవాబివ్వండి... వాళ్లను తిన్నె మీదే కూర్చోబెట్టి, మీరు రాసిందంతా చదివి వినిపిస్తాను.