ఒక్క ప్లాంటు ఉన్న ఊరు

మా ఎకనామిక్స్ మాస్టారు పోయారని మొన్న పొద్దున్న టెక్కలి నుంచి ఫోనొచ్చింది. మీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు కొందరుంటారు. మిగిలినవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

మాస్టారు మార్కెట్‌ను నమ్మిన మనిషి. పలాస జీడిపప్పు బజారుకి మమ్మల్ని తీసుకెళ్లి, బేరాలు వినిపించి, ఇదే మీ పాఠం అనేవారు. "ముందు ఏటి సెప్పారో సూడండి. తరవాత ఎవలు సెప్పించారో సూడండి" అనేది ఆయన మాట.

దాని విలువ మా ఉద్దానానికి మంచినీళ్ల సంగతి వచ్చినప్పుడు తెలిసింది. మా వైపు కిడ్నీ జబ్బు ఎరగని వీధి లేదు, బోరు నీళ్ల వల్లే అంటారు. మా అమ్మకీ అదే. ఊళ్లకి కుళాయి నీళ్లిచ్చే ఖర్చు ప్రభుత్వం ఆపేసి ఇంటింటికీ నీళ్ల కూపన్లిస్తే, ఎవరికి నచ్చిన వాటర్ ప్లాంటులో వాళ్లు కొనుక్కుంటారని, స్వేచ్ఛా మార్కెట్‌ను బలపరిచే ఢిల్లీ సంస్థ ఒకటి నివేదిక రాసింది. ప్రభుత్వం దాన్ని దాదాపు అలాగే తీసుకోబోయింది. టెక్కలిలో సభ పెట్టారు. ఆ సంస్థ తరఫున వచ్చిన యువకుడు తెలుగువాడే. చక్కగా వివరించాడు.

మాస్టారు లేచారు. "బావుంది బాబూ. ఊళ్లో ఒక్కటే ప్లాంటుంటే ఎంచుకోడమేటి?"

"కూపన్లొస్తే ప్లాంట్లు పెరుగుతాయండి."

"పెరిగిందాకా తాగేదేటి? మీ సంస్థకి డబ్బులిచ్చినోళ్లలో నీళ్లమ్మేవోళ్లున్నారా?"

ఉన్నారన్నాడతను. గోల మొదలైంది. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "నిజం సెప్పాడు. అతన్నేటీ అనకండి" అని, అతన్ని ఇంటికి భోజనానికి తీసుకెళ్లారు.

"ఆళ్లు రాయడం తప్పు కాదమ్మా. మనం రాయకపోడం తప్పు" అని నాతో అన్నారు. మా బ్యాచ్ అంతా ఆయన వెంట ఊళ్లు తిరిగాం. ఆ యువకుడూ వచ్చాడు. మా ఇంట్లో, ప్లాంటు పాడైన రోజు ఏం తాగుతారని అమ్మనడిగాడు.

"ఏటి తాగుతాం బాబూ, బోరు నీల్లే" అంది అమ్మ. అతను ఆ మాట అలాగే రాసుకున్నాడు.

మేం రాసిన నివేదిక పట్టుకుని మాస్టారు అధికారుల చుట్టూ తిరిగారు. చివరికి కూపన్లు, ప్లాంట్లు చాలా ఉన్న పలాస పట్టణానికే పరిమితమయ్యాయి. ఊళ్లకి కుళాయిలు నిలిచాయి. గెలిచామని మేం సంబరపడుతుంటే ఆయన నవ్వారు. "పలాసకి కూపన్లు మంచివే. మార్కెట్టున్న కాడ దాన్ని పన్జెయ్యనియ్యాల. లేని కాడ ఉందని రాయకూడదు."

ఇప్పుడు నేనూ అదే సబ్జెక్టు చెబుతున్నాను. ఎంత పెద్ద సంస్థ నివేదికైనా నాకు బెరుకు లేదు, తీసి చదువుతాను. అది ఆయన పెట్టిన అలవాటే.

కిందటి చలికాలం పలాస స్టేషన్‌లో నన్ను రైలెక్కించడానికి వచ్చారు. చేతిలో కరెంటు చార్జీల మీద ఎవరో రాసిన కొత్త నివేదిక. "నువ్వెక్కమ్మా, ఈ పేజీ అయ్యేక ఎల్తాను" అన్నారు. రైలు కదిలింది. కిటికీలోంచి చూశాను. బెంచీ మీద ఒక కాలు పైకి పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితం ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అంచులో పెన్సిల్‌తో ఏదో రాస్తున్నారు.