కంప అడ్డం పెట్టిన బురుజు

కోటలు చూసే పిచ్చి నాకు ఎప్పుడు పట్టిందో చెప్పలేను గానీ, ఎప్పుడు వదిలిందో మాత్రం బాగా గుర్తుండాది.

కడపలో ఒక కాలేజీలో చరిత్ర చెప్తాను. చెప్పేదేముందిలే, వెనక బెంచీల వాళ్లు ఫోన్లు చూసుకుంటాంటారు, నేను బోర్డు చూసుకుంటాంటాను. ఆదివారం వచ్చిందంటే మాత్రం సంచిలో నీళ్ల బాటిలు, నాలుగు చపాతీలు, ఒక నోటుబుక్కు వేసుకొని పొద్దున్నే బస్టాండులో ఉండేవాణ్ని. గండికోటకు ఎన్నిసార్లు పోయింటానో నాకే తెలియదు. ఇప్పుడు ఆడ లోయ అంచున సెల్ఫీల తొక్కులాట. కోటగోడ మీద కూర్చొని బిర్యానీ పొట్లాలు విప్పుతాంటారు. పోనీలే, కోట వాళ్లది కూడా గదా. నాకే రానురాను పెద్దకోటల మీద మోజు తగ్గి, పల్లెల్లో ఒంటరిగా నిలబడిన బురుజుల మీద మనసు పడింది.

దండు వస్తాండాదా, దొంగలు వస్తాండారా అని చూసేదానికి పాళెగాళ్ల కాలంలో ఊరూరా కట్టుకున్న గుండ్రటి రాతి బురుజులు అవి. కొన్నింటికి కింద ఒక గది, లోపల్నుంచి పైకి ఇరుకు మెట్లు, గోడలో తుపాకీ మూతి పెట్టేదానికి సన్న కంతలు ఉంటాయి. ఊర్లో వాళ్లు దాన్ని చూసి చూసి చూడడమే మానేసింటారు. పిడకలు కొట్టేదానికి, పార్టీ గుర్తులు వేసేదానికి తప్ప వాళ్లకు దాంతో పని లేదు. నేను పోయి చుట్టూ తిరిగి, అడుగులు వేసి కొలుచుకొని, రాళ్లు ఎట్ల పేర్చినారో రాసుకొని వచ్చేవాణ్ని. ఎందుకు అని అడిగితే, కొంతమంది పేకాట ఆడతారు, నేను ఇది.

"ఏమయ్యా, రాళ్లతోనే కాపురం చేసేవానివి నన్నెందుకు చేసుకుంటివి?" అనేది మా ఆవిడ. పదేండ్లు అదే మాట. మొదట్లో నవ్వుతా అనేది, తర్వాత నవ్వకుండా అనేది, ఆ తర్వాత అనడం మానేసి చపాతీలు మాత్రం కట్టిచ్చేది.

అట్లాంటప్పుడు పాత కట్టడాలు చూసుకునే సర్కారు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పల్లెల్లో మిగిలిన బురుజులన్నిటికీ ఒక పట్టిక తయారు చేయల్లంట, ఒక్కో దానికి ఒక ఫారం నింపితే, మనుషులు లేనివాటికి కంచె వేసి కాపాడతారంట. "మీకు తెలిసినన్ని ఇంకెవరికి తెలుసు సార్?" అన్నాడు ఆఫీసరు. పొగిడితే కరిగిపోయే రకం నేను. ఎగేసుకొని ఒప్పుకున్నా. ఆ రోజు సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం. నా నోటుబుక్కులకు ఇన్నాళ్లకు ఒక దిక్కు దొరికిందని అనుకున్నా.

సంతోషం రెండు నెలలే. సరదాకు తిరిగేది వేరు, పట్టిక కోసం తిరిగేది వేరు. బస్సు, ఆటో, నడక, మళ్లీ ఆటో. మోకాళ్లు పీక్కపోయేటివి. చలికాలం అంటారు గానీ పదకొండు గంటలకే ఎండ నెత్తిన మంట పెట్టేది. ముందు ఒక్కో బురుజు దగ్గర పూట పూట గడిపినోణ్ని, ఇప్పుడు అరగంటకు ఒకటి తేల్చి పారేసే స్థితికి వచ్చినా. ఊర్లో వాళ్లతో మాట్లాడేదానికి కూడా ఓపిక లేకుండా పోయింది. ఎవరన్నా "యాడ్నుంచి వచ్చినావు సార్, పింఛన్లు రాసుకునేదానికా?" అని అడిగితే "కాదులేప్పా" అని తప్పుకొని పోయేవాణ్ని.

కోసిగి దాటినాక ఒక పల్లె. ఆ రోజుకు అది మూడో బురుజు. మధ్యాహ్నం రెండయింది, నాలుగింటికి ఆదోని బస్సు పట్టుకోకపోతే రైలు తప్పిపోతాది. ఊరంతా ఒక కోడి కూత లేదు. అటు పక్క జనం చలికాలంలో సుగ్గికి పోతారు. అంటే ఈడ పనులు లేని నెలల్లో ఇంటిల్లిపాదీ గుంటూరు పక్క మిరప కోతలకు పోయి, ఎండాకాలం ముదిరేలోపల తిరిగొస్తారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. పేపర్లో చదివినా, క్లాసులో చెప్పినా.

బురుజు బాగుంది. పైన ఒక పక్క కూలింది గానీ అడుగు గట్టిగా ఉండాది. కింద గది ఉండాది, దాని వాకిలికి అడ్డంగా సర్కారు తుమ్మ ముండ్ల కంప కొట్టి తెచ్చి కుదించి, దాని మీద ఇంత రాయి ఎత్తి పెట్టినారు. మాది మగ్గాల ఊరు. మా ఊర్లో మగ్గం వదిలి ఎవడూ యాడికీ పోడు. ఎవరి వాకిట్లోనన్నా కంప పడిందంటే ఆ ఇంట్లో మనిషి లేడు, ఇంక రాడు అని అర్థం, కుక్కలు దూరకుండా పక్కింటోళ్లు వేసేది అది. నా కండ్లు మా ఊరి కండ్లే గదా. ఫారంలో "నివాసం" అని ఒక గడి ఉంటే దాంట్లో "లేదు" అని రాసి, నాలుగు ఫొటోలు తీసుకొని, చెమట తుడుచుకుంటా రోడ్డెక్కినా. కంప సందులోంచి లోపలికి వంగి చూసింటే సరిపోయేది. నడుము నొప్పి. వంగలేదు.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు శనివారం ఆఫీసు వాళ్లు పిలిచినారు. నా పట్టికలోంచి మొట్టమొదట ఆ బురుజుకే కంచె వేసినారంట, బోర్డు పెట్టినారంట, వచ్చి చూసి పొమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయినా, సిగ్గులేకుండా. మా ఆవిడ సెంటు కూడా పూసింది.

కంచె బయట ఒక ఆడమనిషి మూటల మీద కూర్చొని ఉండాది. నలభై ఏండ్లుంటాయి. మిరప ఘాటుకు చేతులు తోలు ఊడి ఎర్రగా ఉండాయి. పక్కన మొగుడు నిలబడుకోని కంచె వేసిన కూలోళ్లను బతిమాలుతాండాడు. నన్ను చూసి, ఇస్త్రీ చొక్కాను చూసి, ఆమె లేచింది.

"సార్, ఈ తీగ ఎప్పుడు తీస్తారు? లోపల మా సామాన్లుండాయి. పండగకు వచ్చినాం సార్, సుగ్గికి పోయింటిమి."

"ఇది మీ ఇల్లా?" అన్నా.

"మా మామ కాలం నుంచి ఈడనే సార్. కంప పెట్టి రాయి పెట్టి పోయింటిమి గదా. రాయి పెట్టినామంటే వస్తామనే గదా. మా ఊర్లో చంటిపిల్లోని కాడ్నుంచి అందరికీ ఎరికే."

కూలోళ్లలో ఒకాయప్ప అన్నాడు, "లోపల మంచం, గిన్నెలు ఉండాయి సార్. మేము చూసినాం. గోడకు చర్చి క్యాలెండరు కూడా ఉండాది. అయితే మీ కాగితంలో నివాసం లేదని ఉండాది గదా, ఎవరో సామాన్లు దాచుకుండారనుకున్నాం."

ఓరి దేవుడా. మంచం, గిన్నెలు, క్యాలెండరు కండ్లారా చూసి కూడా నా రెండక్షరాలనే నమ్మినారు.

"ఎవరు రాసినారు సార్ అట్ల?" అని ఆమె అడిగింది. నేను కంచె కేసి చూస్తా నిలబడినా. రెండోసారి అడిగింది. "నేనేనమ్మా" అన్నా. ఆమె అరవలేదు. మొగుడూ పెండ్లామూ మూటలు ఎత్తుకొని చర్చి వసారాలోకి పోయినారు. ఇట్లాంటివి ముందే ఎన్నో చూసినోళ్ల మాదిరి పోయినారు, అది చూసి నాకు ఏడుపొచ్చింది.

సోమవారమే ఆఫీసుకు పోయినా. తప్పు రాసినానని రాసిస్తా, మార్చండి అన్నా. ఆఫీసరు మంచోడే, టీ తెప్పించినాడు. "రాసియ్యండి సార్, కాదనను. అయితే లోపలికి చూడకుండా రాసినానని మీరే ఒప్పుకుంటే, మిగతావి మాత్రం చూసి రాసినారని ఎవరు నమ్ముతారు? లిస్టు మొత్తం పక్కన పడేయాల్సి వస్తాది. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నా. మూడు వారాలు ఆలోచించుకున్నా, అది చెప్పుకునేదానికి నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. పదేండ్ల నడక ఆ పట్టికలో ఉండాది. అది పోతే ఆ బురుజులన్నీ ఒకటొకటిగా ట్రాక్టర్లెక్కి ఇండ్ల పునాదుల్లోకి పోతాయి, అది నాకు ఖాయంగా తెలుసు. ఒక ఇల్లు ఒక పక్క, అన్ని బురుజులు ఒక పక్క అని నాకు నేనే తక్కెడ పెట్టుకొని కూర్చున్నా. వాళ్లు చర్చి వసారాలో పండుకుంటాండారని తెలిసే కూర్చున్నా.

మా ఆవిడకు మొత్తం చెప్పినా చివరికి. ఆమె బియ్యం ఏరతా విని, "రాళ్లకేం, అవి ఎండలో నిలబడతాయి, వానలో నిలబడతాయి. ఆ ఆడమనిషి చీర యాడ మార్చుకుంటాది వసారాలో?" అనింది. తల కొట్టేసినట్టయింది. మర్నాడు పోయి రాసిచ్చినా. పట్టిక అటకెక్కింది. కంచె పీకేసినారు, బోర్డు పీకేసినారు. వాళ్లు ఆడ ఉండొచ్చని కాగితం మీద మాత్రం ఏమీ రాసివ్వలేదు, "ఉండనీలే, మేం చూసీచూడనట్టు పోతాం" అన్నాడు ఆఫీసరు. అప్పటికి నాకు అదే చాలనిపించింది. అలిసిపోయింటి.

ఆదివారాలు ఇంట్లోనే పండుకునేది మొదలుపెట్టినా. పిచ్చి వదిలిందని మా ఆవిడ సంతోషపడుతుందనుకుంటే, "ఏమయ్యా, యాడికన్నా పోయిరారాదా, ఇంట్లో అడ్డం" అనింది.

మళ్లీ చలికాలం వచ్చింది. సుగ్గి నెలలు. ఎందుకో ఆ పల్లెకు పోబుద్ధయింది. ఊరు అప్పటి మాదిరే ఖాళీ, వాకిండ్లన్నిటికీ కంప, కంప మీద రాయి. బురుజుకు మాత్రం కంప లేదు. వాకిట్లో ఆమె ఒక్కతే కూర్చొని కందిపప్పు చెరుగుతాండాది.

"పోలేదామ్మా కోతలకు?" అన్నా.

"ఆయప్ప పోయినాడు సార్. నేను ఉండిపోయినా." చెంబుతో నీళ్లిచ్చింది. "ఇద్దరం పోతే మళ్లీ ఎవరన్నా వచ్చి లేరని రాసుకుంటారు గదా. ఒక మనిషి కనపడల్ల గదా సార్."

చెంబు కింద పెట్టినా. ఆమె కోతకు పోకపోతే ఆ ఇంటికి సగం ఏడాది తిండి పోయినట్టే. పైగా ఊరంతా లేకుండా పోయినాక మూడు నెలలు ఒంటరిగా, మాట్లాడే మనిషి లేకుండా, నేను రాసిన మాట తప్పని చూపించేదానికి ఆమె ఆ వాకిట్లో కూర్చొని ఉండాది.

"ఇంక ఎవరూ రారమ్మా. నేను చెప్తాండా గదా. వచ్చే ఏడు ఇద్దరూ పోండి."

ఆమె చాట పక్కన పెట్టింది. కోపం లేదు ఆ ముఖంలో, అనుమానం కూడా లేదు. నిజంగా కావల్సి అడిగింది.

"ఆ మాట కాగితం మీద రాసిస్తావా సార్?"

జేబులో పెన్ను ఉండాది. "లేదు" అని నేను రాసినప్పుడు దాన్ని తీసుకునేదానికి ఒక ఆఫీసు ఉండె. "ఉండారు" అని రాస్తే ఎవరికి ఇయ్యల్ల? అయినా రాసినా, సంతకం పెట్టి ఇచ్చినా. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది. అది ఎందుకూ పనికిరాదని చెప్పేదానికి నాకు ధైర్యం చాలలేదు.