ఎనిమిదో బోరు లాగ్

సాఫ్ట్‌వేర్ మోజు జోరుగా ఉన్న రోజులవి. సింగపూర్‌లో కొత్తగా కలిసిన ప్రతి తెలుగువాడూ "దేని మీద పనిచేస్తున్నారు, జావానా, ఒరాకిలా?" అని అడిగేవాడు. "రాళ్ళ మీద" అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు. అట్లా నవ్వనివాడు ఒక్కడే ఉండేవాడు. కడపలో మా కాలేజీలోనే జియాలజీ చదివిన జూనియరు. నా సిఫారసుతో మా కంపెనీలో చేరాడు. జురాంగ్ వెస్ట్‌లో ఇద్దరిదీ ఒకే గది. నోరు తెరిస్తే అన్నా అనేవాడు.

బిల్డింగు కట్టబోయే చోట బోరు వేస్తే, లోపలి రాయి గుండ్రటి కడ్డీల్లా బయటికొస్తుంది. వాటిని పెట్టెల్లో వరసగా పేర్చి, ఏ లోతులో ఏ రాయి ఉందో రాయడమే మా పని. ఆ కాగితాన్ని లాగ్ అంటారు. వాడు రాస్తాడు, నేను పెట్టెలు విప్పి సరిచూసి సంతకం పెట్టాలి. తప్పు దొర్లితే పోయేది నా ఉద్యోగమే.

ఆదివారాలు ఆటుపోట్లు చూసుకుని సెంటోసా దీవి పడమటి కొసన కొండచరియ కిందికి వెళ్ళేవాళ్ళం. ఎరుపు, ఊదా, పసుపు, బూడిద రంగు పొరలు. నీళ్ళు నెమ్మదించిన కాలంలో బురద పేరుకుంది, వరద ఉరికినప్పుడు ఇసుకా గులకరాళ్ళూ పడ్డాయి. బురదలోని ఇనుము గాలి సోకిన చోట తుప్పు పట్టి ఎర్రబడింది, సోకని చోట బూడిదగా మిగిలింది. తర్వాతెప్పుడో భూమి పక్కనుంచి నొక్కితే అవన్నీ ఏటవాలుగా ఒరిగాయి. గంటలకొద్దీ చూసినా నాకు తనివి తీరేది కాదు.

ఆ ఒరుగు సంగతి వాడికి తెలియక కాదు. ఓసారి తిండి అంగళ్ళన్నీ ఒకచోటుండే హాకర్ సెంటర్‌లో కుయే లాపిస్ తెప్పించాడు. రంగురంగుల పొరల మలయ్ మిఠాయి అది. ముక్కని ఏటవాలుగా ఎత్తిపట్టి, రెండు చోట్ల స్ట్రాలు గుచ్చి మా తెలుగు డ్రిల్లింగ్ పనివాళ్ళకి చూపించాడు. "చూడండి, ఈ పచ్చ పొర ఈడ పైనే తగిలె, ఆడ లోతుకు పాయ. రెండు బోర్లలోనూ ఒకే లోతని రాసినారంటే, ఎవురో చూడకుండా రాసినట్టే." అందరూ చప్పట్లు కొట్టారు. నేనైతే మురిసిపోయాను.

కొన్నాళ్ళకి సాయంత్రాలు జిమ్‌కని వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒక శుక్రవారం హడావిడిగా ఎనిమిదో బోరు లాగ్ తెచ్చాడు. "పెట్టెలు కట్టేసినాన్నా. నేను చూసినా గదా, మళ్ళా నువ్వు చూసేదేముంది?" అంటూ పెన్ను అందించాడు. సంతకం పెట్టేశాను.

నెల తర్వాత తవ్వకం మొదలైంది. గట్టి ఇసుకరాయి ఉండాల్సిన లోతులో మెత్తటి ఊదా రాయి బయటపడి గుంత పక్కగోడ జారింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను పరుగున వెళ్ళి ఏడో బోరు లాగ్, ఎనిమిదో బోరు లాగ్ పక్కపక్కన పెట్టాను. మక్కీకి మక్కీ కాపీ, సెంటీమీటరు తేడా లేదు. గోడౌన్‌లో ఎనిమిదో బోరు పెట్టెలకి డ్రిల్లర్లు కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. జిమ్ అన్నది జావా క్లాసనీ, వాడికి బయట ఉద్యోగం ఖాయమై రాజీనామా కూడా ఇచ్చేశాడనీ నాకక్కడే తెలిసింది. నిజం ఒప్పుకుంటే వాడికి పోయేదేమీ లేదు. అయినా నా వైపు చూడకుండా ఇంగ్లీషులో "సార్ చెక్డ్ ఎవ్రీ బాక్స్" అన్నాడు. అన్నని కాస్తా సార్‌ని చేశాడు. చూశానంటే చూసి కూడా తప్పుకి సంతకం చేసినట్టు, చూడలేదంటే పని ఎగ్గొట్టినట్టు.

"చూడలేదు" అన్నాను. ఆ వారంలోనే నన్ను తీసేశారు.

గదిలో నేను పెట్టె సర్దుకుంటుంటే వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. "నమ్మించి గొంతు కోస్తివి గదరా. అంతా తెలిసీ ఎట్ల రాస్తివి?" అని అడిగాను.

"నీ మీద నమ్మకంతోనే రాసినాన్నా" అన్నాడు. "నువ్వు విప్పి చూడవు గదా."