మూడు తప్పులకు మూసే తలుపు

వికారాబాద్‌లో నేను పనిచేసే గది కింద విత్తనాల దుకాణం ఉంది. తొలకరికి ముందు సంచులు దించినప్పుడల్లా కంది గింజలకు పట్టించిన మందు వాసన మెట్లెక్కి వస్తుంది. దానితోపాటు తాండూరు రైతు సంఘం కార్యదర్శి బాలమణి అక్క గుర్తుకొస్తుంది. పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. కూర్చోకముందే నిన్నటి పని ఎంతవరకు వచ్చిందని అడిగేది.

సభ్యులు ఫోన్‌లోనే విత్తనం బుక్ చేసుకునేలా ఆమె కోసం ఒక వెబ్ పేజీ రాశాను. కంప్యూటర్ నేను బడిలో చదవలేదు, లెక్కల మీద ఇష్టంతో సొంతంగా నేర్చుకున్నాను. సభ్యుని నంబరు, పాస్‌వర్డ్ సరిపోతేనే పేజీ తెరుచుకుంటుంది. అంతకుముందు ఏడు ఒకరి సంచి ఇంకొకరు ఎత్తుకుపోయారు. అందుకని, పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే ఆ నంబరు రోజంతా మూసుకుపోవాలని అక్క పట్టుబట్టింది. నాకూ సబబనిపించి అలాగే రాశాను.

బుకింగ్ ఒక్కరోజే. ఆ రోజు నేనూ తాండూరు సంఘం ఆఫీసులోనే ఉన్నాను. మధ్యాహ్నం బషీరాబాద్ నుంచి మల్లమ్మ అనే సభ్యురాలు అక్కడికే వచ్చింది. అక్కడి కంప్యూటర్‌లో చూస్తే ఆమె నంబరు అప్పటికే మూసుకుపోయి ఉంది. రోజు గడవకముందే దాన్ని తెరిచే దారి నేను రాయలేదు. సాయంత్రం దాటితే ఆమెకు విత్తనం లేదు.

పక్కనున్న రైతు నవ్వాడు. "కల్లు జర ఎక్కువైందా మల్లమ్మా? మూడుసార్లు తప్పు కొట్టినవ్."

"నా ఫోన్ మొన్నటిసంది బాగుచేసే దుకాణంలనే ఉంది తమ్మీ. నేను తాగితే అదెట్ల తప్పు కొడ్తది?"

మరెవరూ నవ్వలేదు. సభ్యుల నంబర్లు గోడ మీదే అంటించి ఉన్నాయి. పాస్‌వర్డ్ తెలియకపోయినా తప్పు కొట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పొలం గట్టు తగాదాలో ఆమె మరిదే ఆ పని చేశాడని తరువాత తెలిసింది.

అక్క తెర నుంచి అందరివైపు తిరిగింది. "తప్పు కొట్టినోడు ఎవడో. బయట నిలవడ్డది ఈమె. గీ రూలు నాదే. సారు నేను చెప్పిందే రాసిండు," అంది, అందరూ వినేలా.

తన పేరున బుక్ చేసుకున్న సంచిని మల్లమ్మకు మార్పించింది. ఆ ఏడు అక్క చేనులో కంది ఆలస్యంగా మొలిచింది. దాని గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఆ నియమం తీసేశాను. తప్పు కొట్టిన ఫోన్ తరువాతి ప్రయత్నానికి ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాలి, అంతే. నంబరు మూతపడదు.

ఇప్పటికీ ఎన్ని తప్పులకు తలుపు మూయాలని ఎవరైనా అడిగితే వెంటనే అంకె చెప్పను. మూశాక బయట నిలబడేది ఎవరని ముందు అడుగుతాను.